వెనిస్ కాలువల మీద హెన్రీ వుడ్స్: ఆ చిత్రాల్లో ఎంతవరకు నమ్మవచ్చు?

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారులు వేసిన వెనిస్ కాలువల చిత్రాల గురించి మీరు రెండు విషయాలు అడిగారు. రేవుమెట్ల మీద పూసలు గుచ్చే స్త్రీలు, వంతెన పక్కన ఆగిన పడవలు, బావి చుట్టూ చేరిన పిల్లలు నిజంగా ఆ ఊరి జనజీవితమేనా, లేక లండన్‌లో అమ్ముకోవడానికి అలంకరించి నిలబెట్టిన దృశ్యాలా అన్నది మొదటిది. పదిమందిని పైపైన చూడకుండా ఒక్కరినే పట్టుకుని పరిశీలించాలంటే ఎవరిని ఎంచుకోవాలన్నది రెండవది. ఈ కాలపు చిత్రకళను చాలాకాలంగా చదువుతూ, బోధిస్తూ ఉన్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

రెండవ ప్రశ్నతో మొదలుపెడితే మొదటిదానికి జవాబు తేలికవుతుంది. హెన్రీ వుడ్స్‌ను తీసుకోండి. ప్రసిద్ధ ఇంగ్లిష్ ప్రకృతి చిత్రకారుడు టర్నర్ అంతటి ప్రతిభ ఆయనకు లేదు, ఉందని ఎవరూ అనలేదు. కానీ టర్నర్ 1819లో, 1833లో, 1840లో వెనిస్‌కు వచ్చి కొద్దికాలం చొప్పున ఉండి వెళ్లినవాడు. ఆయనకు కావలసింది నీటి మీద కరిగిపోయే వెలుతురు. ఆ వెలుతురులో ఎవరు ఏం పని చేసుకుంటున్నారన్నది ఆయనకు ముఖ్యం కాదు. వుడ్స్ మాత్రం 1876లో, ముప్పై ఏళ్ల వయసులో వెనిస్ చేరి, ఆ ఊరినే తన నివాసంగా చేసుకుని, 1921లో అక్కడే చనిపోయాడు. నలభై అయిదేళ్లపాటు ఒక ఊరిని ఇల్లుగా చేసుకున్న మనిషి చిత్రాల్లో కనిపించే వివరాలకు ఒక విలువ ఉంటుంది. ఆ వివరాలను ఆయన ఎక్కడ నిజాయితీగా వాడాడో, ఎక్కడ తియ్యబరిచాడో వేరుచేసి చూడడం నేర్చుకుంటే, ఆ తరం చిత్రకారులందరినీ చూడడం వస్తుంది.

వుడ్స్ 1846లో ఇంగ్లండులోని వారింగ్టన్‌లో పుట్టాడు. అక్కడి చిత్రకళా పాఠశాలలో చదివి, తరువాత లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో శిక్షణ పొందాడు. ఆ చదువులో ఆయనకు సహచరుడైన ల్యూక్ ఫిల్డ్స్ 1874లో ఆయన చెల్లెలు ఫ్యానీని పెళ్లి చేసుకుని బావ కూడా అయ్యాడు. ఇద్దరూ 1869లో మొదలైన 'గ్రాఫిక్' అనే సచిత్ర వారపత్రికకు బొమ్మలు వేసినవారే. ఈ సంగతి ముఖ్యం. పత్రికకు బొమ్మ వేసేవాడు కథను ఒక్క చూపులో అర్థమయ్యేలా చెప్పాలి. చేతి తీరు, తల వాల్పు, ఇద్దరి మధ్య దూరం అన్నీ స్పష్టంగా ఉండాలి. వుడ్స్ వెనిస్ చిత్రాల బలమూ బలహీనతా రెండూ ఆ పత్రికా శిక్షణలోనే ఉన్నాయని నా అభిప్రాయం. గుంపును కూర్చడం, పని చేసే చేతులను గీయడం ఆయనకు బాగా తెలుసు. అదే సమయంలో ప్రతి దృశ్యం వెనుకా ఒక చిన్న కథ ఉండి తీరాలన్న అలవాటు ఆయనను వదలలేదు. 'మన్మథుని మాయ' అని అర్థం వచ్చే శీర్షికతో 1885లో వేసిన చిత్రం ఇప్పుడు లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. అటువంటి శీర్షికలకు నాకు పెద్దగా ఓపిక లేదు. వాటిని పక్కన పెట్టి బొమ్మను మాత్రమే చూడమని సలహా ఇస్తాను.

ఆ చిత్రాన్ని టేట్‌కు ఇచ్చినవాడు హెన్రీ టేట్, అంటే చక్కెర వ్యాపారంలో సంపాదించి ఆ సంగ్రహాలయానికి పునాది వేసిన వ్యక్తే. కొనుగోలుదారులు ఎటువంటివారో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఉత్తర ఇంగ్లండు ఫ్యాక్టరీ పట్టణాల పొగలో డబ్బు సంపాదించినవారికి తమ గోడ మీద ఎండ కావాలి, ఎర్రటి ఇటుక గోడ కావాలి, రంగురంగుల శాలువాలు కప్పుకున్న ఆడపిల్లలు కావాలి. వుడ్స్ వెనిస్‌లో నివసించినా, ఆయన చిత్రాలకు సంత మాత్రం లండన్‌లోని రాయల్ అకాడమీ వార్షిక ప్రదర్శనే. 1882లో ఆ సంస్థ ఆయనను సహసభ్యుడిగా, 1893లో పూర్తి సభ్యుడిగా ఎన్నుకుంది. కనుక అమ్ముకోవడానికి వేశాడా అన్న మీ అనుమానానికి సూటి జవాబు, అవును, అమ్ముకోవడానికే వేశాడు. అయితే అమ్మకానికి వేసిన చిత్రమంతా అబద్ధమే కానక్కరలేదు.

నేను విద్యార్థులకు ముందుగా గోడలను, మెట్లను, నీటిని చూడమంటాను. మనుషుల దగ్గరికి చివరకు రావాలి. వెనిస్ ఇళ్లకు నీటిని తాకే కింది వరుసలో ఇస్త్రియా ప్రాంతపు తెల్లరాయి వాడతారు, ఎందుకంటే అది నీటిని తేలికగా పీల్చదు. దాని పైన ఇటుక, ఇటుక మీద గార. ఉప్పునీటి తేమ ఇటుకలోకి ఎక్కి ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా మారి, గారను లోపలినుంచి తోసి పెచ్చులుగా ఊడదీస్తుంది. అందువల్ల గార ఊడడం అన్నది గోడ అంతటా ఒకే తీరుగా ఉండదు. కింద తేమ ఎక్కే ఎత్తువరకు ఒక విధంగా, పైన వాన, ఎండ తగిలే చోట మరో విధంగా ఉంటుంది. లండన్ స్టూడియోలో కూర్చుని పాత స్కెచ్చుల నుంచి వెనిస్ గోడను వేసినవాడు సాధారణంగా పెచ్చులను అందం కోసం అక్కడక్కడా చల్లుతాడు. ఊళ్లో ఉండి చూసినవాడు వాటిని ఎక్కడ ఉండాలో అక్కడే పెడతాడు. వుడ్స్ గోడలు రెండో కోవకు చెందుతాయి.

మెట్ల విషయమూ అంతే. వెనిస్‌లో ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటిమట్టంలో తేడా దాదాపు మీటరు వరకు ఉంటుంది. అందువల్ల రేవుమెట్లలో కింది వాటి మీద ఎప్పుడూ నాచు ఉంటుంది, ఆ పైన కొంత మేర రోజూ తడిసి ఆరే ముదురు పట్టీ ఉంటుంది, దానికి పైన మాత్రమే పొడిరాయి. ఒక స్త్రీని మెట్ల మీద కూర్చోబెట్టాలంటే ఆమె పొడి మెట్టు మీదనే కూర్చుంటుంది. బట్టలు ఉతికే స్త్రీ అయితే తడి అంచువరకు దిగుతుంది. బొమ్మలో నాచు పట్టీ లేకుండా తెల్లటి మెట్లు తిన్నగా నీటిలోకి దిగిపోతున్నాయంటే, ఆ చిత్రకారుడు ఆ మెట్ల ముందు ఎక్కువసేపు కూర్చోలేదని అనుకోవచ్చు. ఆరుబయట పనిచేసేవాడికి ఈ ఆటుపోట్లు పెద్ద చిక్కు కూడా: పోటు నుంచి పాటుకు ఇంచుమించు ఆరు గంటలు, కాబట్టి ఒకే మట్టంలో నీరు, ఒకే కోణంలో ఎండ కలిసి దొరికే సమయం రోజూ జరిగిపోతూ ఉంటుంది.

ఇక నీరు. కాలువ నీటిని చూడగానే ఆకుపచ్చ అంటాం గానీ, ఆ రంగు మన చూపు ఏ కోణంలో పడుతుందన్న దాన్నిబట్టి మారుతుంది. కాళ్ల దగ్గర, నిట్టనిలువుగా కిందికి చూస్తే నీటి సొంత రంగు, అంటే బురదా నాచూ కలిసిన ఆకుపచ్చ, కనిపిస్తుంది. దూరంగా చూసినకొద్దీ చూపు ఏటవాలుగా పడి ప్రతిబింబమే ఎక్కువవుతుంది. అప్పుడు ఎదుటి గోడ ఎండలో ఉంటే, నీడలో ఉన్న ఇరుకు కాలువ కూడా నారింజ రంగులో వెలుగుతుంది. ప్రతిబింబంలో తెల్లనివి కొంచెం మసకబారతాయి, నల్లనివి కొంచెం తేలికపడతాయి; నల్లటి గొండోలా (వెనిస్‌లో వాడే సన్నని పొడవాటి పడవ) నీడ నీటిలో పూర్తి నలుపుగా ఉండదు, ఆకుపచ్చ కలిసిన ముదురుగా ఉంటుంది. చిన్న అలల వల్ల ప్రతిబింబాలు అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ సాగుతాయి. ఎండ నీటి మీద పడి ఎగిరి వంతెన కింది వంపు మీద వలలా కదులుతుంది. ఇవన్నీ ఒకే చిత్రంలో సరిగ్గా ఉండడం అరుదు. ఆరుబయట వెలుతురులో పనిచేయడం అలవాటైన వుడ్స్ మొదటి మూడింటిలో తప్పటడుగు వేయడం నేను దాదాపుగా చూడలేదు. నా దృష్టిలో ఆయన అసలైన సాధన ఇక్కడే ఉంది, అందమైన ముఖాల్లో లేదు.

పడవలను బట్టి కూడా ఒక పరీక్ష పెట్టవచ్చు. ఒక్కడే నడిపే గొండోలాలో పడవవాడు వెనుక కొసన నిలబడి, ముఖం ముందుకు పెట్టి, కుడివైపు ఒకే తెడ్డుతో నడుపుతాడు. ఆ తెడ్డు 'ఫోర్కొలా' అనే వంకర కొయ్య ఆధారంలో ఆనుతుంది. అడ్డంగా కాలువ దాటించే రేవుపడవను అయితే ఇద్దరు నడుపుతారు, ఒకడు ముందు, ఒకడు వెనుక. ఆనాటి గొండోలా మధ్యలో 'ఫెల్జె' అనే చిన్న నల్లటి గది తరచు ఉండేది. ఇప్పుడు అది కనిపించదు. ఒంటరి పడవవాడు ఎడమవైపు తెడ్డు వేస్తూ కనిపిస్తే, ఆ బొమ్మ అచ్చులో తిరగబడి ఉండవచ్చు, లేదా చిత్రకారుడు పడవను శ్రద్ధగా చూసి ఉండకపోవచ్చు. వేలంపాటల పట్టికల్లో వచ్చే అనామక వెనిస్ దృశ్యాలను చూసేటప్పుడు ఈ పరీక్ష చాలా ఉపయోగపడుతుంది.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. బొమ్మల్లోని స్త్రీలు చాలావరకు డబ్బు తీసుకుని నిలబడిన మోడళ్లు. ఆ రోజుల్లో వెనిస్‌లో ఇంగ్లిష్‌వారే కాదు, వియన్నాలో పుట్టిన సెసిల్ వాన్ హానెన్, లుడ్విగ్ పస్సీని, రోమ్ దగ్గరి అల్బానోలో పుట్టిన యూజీన్ డి బ్లాస్ కూడా ఇటువంటి దృశ్యాలనే వేస్తున్నారు. పూసలు గుచ్చే స్త్రీల మీద 1876లో వాన్ హానెన్ వేసిన చిత్రం పారిస్ ప్రదర్శనలో పేరు తెచ్చుకుంది. వుడ్స్ మీద ఆయన ప్రభావం బలంగానే ఉంది. మోడళ్లను నిలబెట్టడం తప్పేమీ కాదు, కాని దాని ఫలితం ముఖాల్లో తెలిసిపోతుంది. పని చేసి అలసిన ముఖం కనిపించదు. అందరూ ఇరవై ఏళ్లవారే, అందరి శాలువాలూ ఉతికినవే, అందరి పళ్లూ బాగున్నవే.

పూసలు గుచ్చడం అసలు ఎలా ఉండేదో తెలిస్తే ఈ తేడా మరింత బాగా పట్టుబడుతుంది. గాజుపూసలు వేరేచోట తయారై ఇళ్లకు వచ్చేవి. స్త్రీలు ఒడిలో చేట వంటి కొయ్య పళ్లెం పెట్టుకుని, పదుల కొద్దీ పొడవాటి సన్నని సూదులను విసనకర్రలా చేతిలో పట్టుకుని, వాటిని పూసల రాశిలోకి పదేపదే గుచ్చి దారాలకు ఎక్కించేవారు. లెక్కకు కట్టే కూలి, అది కూడా తక్కువ. ఇళ్లలో వెలుతురు చాలక గుమ్మాల ముందు, సందుల్లో కూర్చునేవారు. అంటే బయట కూర్చోవడం అన్నది నిజమే, గుంపుగా కూర్చోవడమూ నిజమే, కబుర్లూ నిజమే కావచ్చు. చిత్రకారుడు కల్పించినది తీరికను. చేతులు ఆగి, ఒకరి వైపు ఒకరు తిరిగి నవ్వుకునే ఆ క్షణం లెక్కకు కూలి తీసుకునే పనిలో అరుదుగా వస్తుంది. బొమ్మలో మాత్రం ఎప్పుడూ ఆ క్షణమే ఉంటుంది.

ఇది తెలియక జరిగిందని అనుకోవడానికి వీలు లేదు. దీనికి నాకు దొరికిన అన్నిటికంటే బలమైన ఆధారం వుడ్స్ బావ ఫిల్డ్సే. 'గ్రాఫిక్' మొదటి సంచికలో, 1869 డిసెంబరులో, ఆయన లండన్ చలిలో రాత్రికి తలదాచుకోవడానికి అనుమతి చీటీ కోసం వరుసలో నిలబడిన నిరుపేదలను గీశాడు. దాన్నే 1874లో పెద్ద తైలవర్ణ చిత్రంగా వేసి రాయల్ అకాడమీలో పెడితే, జనం తోపులాట ఆపడానికి ముందు కంచె కట్టవలసి వచ్చింది. ఆ పత్రిక బొమ్మలను డచ్ చిత్రకారుడు వాన్ గో సేకరించి దాచుకునేవాడు. అటువంటి ఫిల్డ్స్ 1880లలో వెనిస్ స్త్రీలను వేసినప్పుడు ఆ కన్ను ఎక్కడికి పోయింది? మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న 1885 నాటి చిత్రం, పోర్ట్ సన్‌లైట్‌లోని లేడీ లీవర్ గ్యాలరీలో ఉన్న 1889 నాటి చిత్రం రెండూ చూడ చక్కగా ఉంటాయి, ఎండ బాగా పడుతుంది, బాధ ఎక్కడా లేదు. పేదరికాన్ని గీయడం ఆయనకు చేతకాక కాదు. తన దేశపు పేదరికం సమస్యగా, పరాయి దేశపు పేదరికం రంగుగా కనిపించడం ఆనాటి కొనుగోలుదారు కోరిక, చిత్రకారుడు దానికి లొంగాడు. వుడ్స్ కూడా లొంగాడు, కాకపోతే అక్కడే నివసించడం వల్ల కొంచెం తక్కువగా.

చిత్రం మీద ఉన్న తేదీని ఊరి చరిత్ర పక్కన పెట్టి చూడడం మరో మంచి పద్ధతి. 1846లో రైలు వంతెన వెనిస్‌ను ప్రధాన భూభాగంతో కలిపింది. 1866లో ఆ ఊరు ఆస్ట్రియా పాలన నుంచి ఇటలీ రాజ్యంలో చేరింది. 1881లో ఊరి ప్రధాన కాలువ అయిన గ్రాండ్ కెనాల్ మీద ఆవిరిపడవలు మొదలైతే గొండోలా పడవవాళ్లు సమ్మె చేశారు. 1884లో ప్రధాన భూభాగం నుంచి గొట్టాల ద్వారా మంచినీరు వచ్చింది. 1880లలోనే నూలుమిల్లు, జుదెక్కా దీవిలో పెద్ద పిండిమిల్లు వెలిశాయి. వుడ్స్ పని చేసిన కాలం సరిగ్గా ఇదే, అయినా ఆ తరం ఇంగ్లిష్ చిత్రాల్లో ఆవిరిపడవ పొగ గానీ, మిల్లు నుంచి బయటికి వచ్చే కూలీలు గానీ, థామస్ కుక్ సంస్థ వెంట వచ్చిన పర్యాటకుల గుంపులు గానీ వెతికినా కనిపించడం కష్టం.

బావులనే ఉదాహరణగా తీసుకోండి. నీటి మధ్య ఉన్నా వెనిస్‌కు తాగునీరు లేదు. ప్రతి కూడలి కింద ఇసుక నింపిన తొట్టి ఉండేది. వాననీరు రాళ్ల సందుల్లోంచి ఆ ఇసుకలోకి ఇంకి, వడకట్టుకుని, మధ్యలోని బావిలోకి చేరేది. చెక్కడపు పని చేసిన రాతి బావిఒరలు ఆ కూడళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రియులి కొండప్రాంతం నుంచి వచ్చిన యువతులు రాగి బిందెలను కావడికి తగిలించి భుజాన వేసుకుని ఇంటింటికీ నీళ్లు పోసేవారు. 1884 తరువాత ఈ అవసరం త్వరత్వరగా తగ్గిపోయింది. కాబట్టి 1878లో వేసిన బావి దృశ్యాన్ని రోజువారీ జీవితంగా చదవవచ్చు. 1895లో వేసినదాన్ని మాత్రం జ్ఞాపకంగానో, మోడల్ భుజాన పెట్టిన పాత కావడిగానో చదవడమే సురక్షితం. పూర్తి సభ్యుడైన తరువాత వుడ్స్ రాయల్ అకాడమీకి ఇచ్చిన చిత్రం పేరు 'ఇల్ మియో త్రాగెత్తో', అంటే 'నా రేవు'. 1854 వరకు గ్రాండ్ కెనాల్ మీద రియాల్టో ఒక్కటే వంతెన కనుక దాటడానికి రేవుపడవే దిక్కు. ఈ చిత్రం నాటికి మరో రెండు ఇనుప వంతెనలు, ఆవిరిపడవలు వచ్చి రేవుల బతుకు తగ్గుముఖం పట్టింది. ఇరుగుపొరుగువాడిలా 'నా' అని అనగలగడం ఆ ఊళ్లో పాతుకుపోయిన మనిషికే సాధ్యం, అందుకే ఈ శీర్షికను మాత్రం పక్కన పెట్టమని అనను.

అదే కాలంలో వేరుగా చూసినవాళ్లు ఉన్నారని మీకు తెలియాలి, లేకపోతే ఆ రోజుల్లో అందరూ ఇలాగే వేసేవారని అనుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు విస్లర్ 1879 సెప్టెంబరులో పన్నెండు ఎచింగ్‌ల (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి అచ్చు వేసే బొమ్మల) పని మీద వచ్చి, మూడు నెలలకని వచ్చినవాడు ఏడాది దాటి ఉండిపోయాడు. ఆయన ఎచింగ్‌లలో ఇరుకు సొరంగం వంటి దారి మొదట్లో నిలబడిన బిచ్చగత్తె ఉంటుంది, చీకటి గుమ్మాలు ఉంటాయి. 1880 ప్రాంతంలో అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ పూసలు గుచ్చే స్త్రీలను ఎండలో కాకుండా పాడుబడ్డ భవనాల మసక చావడుల్లో కూర్చోబెట్టాడు. వాళ్లు మనవైపు చూడరు, నవ్వరు. వడ్రంగి కొడుకైన వెనిస్‌వాడు జాకొమో ఫావ్రెత్తో తన ఊరివాళ్లను వేసినప్పుడు కూడా తీపి ఉంది, ఎందుకంటే ఆయనకూ కొనేవాళ్లు కావాలి. కాని ఆయన గుంపుల్లో ముసలివాళ్లు, లావుపాటివాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు ఉంటారు. తియ్యదనం పరాయివాడి దోషం మాత్రమే కాదని చెప్పడానికి ఫావ్రెత్తోను గుర్తుచేస్తున్నాను.

ఫొటోలు చూస్తే నిజం తేలుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. కార్లో నాయా స్టూడియో వంటివి ఆ కాలంలో వెనిస్ జనజీవితపు ఫొటోలు విరివిగా అమ్మాయి. కానీ ఆనాటి కెమెరా ముందు కదలకుండా ఉండాలి, కొనేది కూడా అదే పర్యాటకులు, కాబట్టి నీళ్లు మోసే స్త్రీ, పూసలు గుచ్చే స్త్రీ ఫొటోలోనూ నిలబెట్టిన మోడళ్లే. ఫొటో నుంచి గోడ, మెట్టు, కావడి ఆకారం సరిచూసుకోవచ్చు, హావభావాన్ని సరిచూసుకోలేం.

కనుక మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: వుడ్స్ చిత్రంలో స్థలం, నీరు, పనిముట్టు, పడవ, చేతుల అమరిక చాలావరకు కళ్లారా చూసి వేసినవి, వాటిని ఆధారంగా వాడుకోవచ్చు. ముఖాలు, బట్టల శుభ్రత, తీరిక, చిత్రంలో ఎవరు లేరన్నది మాత్రం ఇంగ్లండు గోడల కోసం చేసిన ఎంపిక. మొదటగా టేట్, రాయల్ అకాడమీ, మాంచెస్టర్ సేకరణల ఆన్‌లైన్ పేజీల్లో పెద్ద సైజు బొమ్మలు వెతకండి, ఎందుకంటే ఇటువంటి చిత్రాలు గ్యాలరీ గోడల మీద కంటే నిల్వ గదుల్లోనే ఎక్కువకాలం ఉంటాయి. చిన్న సైజులో చూస్తే ముఖాలు మాత్రమే కనబడి, నాచు పట్టీ, నీటి రంగు తేడా మాయమవుతాయి. 'ఇల్ మియో త్రాగెత్తో' పక్కన ఫావ్రెత్తో 1887లో ప్రదర్శించిన మద్దలేనా రేవు చిత్రాన్ని పెట్టి, రెండింటిలో ఎవరు ఏ పని మీద ఉన్నారో ఒక్కొక్క మనిషినీ వేరుగా రాసుకుంటూ చూడమని చెబుతాను.